చేనుకు కలుపు, ఇంటికి పప్పు: గంగవాయిలి కూర



1977లో హవాయి విశ్వవిద్యాలయ ప్రచురణ సంస్థ ఒక లావుపాటి పుస్తకం వేసింది. లెరాయ్ హోమ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త మరో ముగ్గురితో కలిసి రాశాడు. ప్రపంచం మొత్తమ్మీద రైతును ఎక్కువగా ఏడిపిస్తున్న కలుపు మొక్కలేవో తేల్చి, అందులో మహా చెడ్డవి 18 ఏరి వరుసగా నిలబెట్టారు. మొదటిది తుంగ. రెండోది గరిక. వినాయకుడి పూజకు గరిక లేకపోతే కుదరదు, చేలో ఉంటే మాత్రం రైతుకు పడదు. ఎనిమిదోది గుర్రపుడెక్క. తొమ్మిదోది గంగవాయిలి కూర. పదోది చక్రవర్తి కూర.

అంటే నేరస్తుల వరుసలో పక్కపక్కనే నిలబెట్టిన ఆ చివరి ఇద్దరినీ తెలుగువాళ్లు తరతరాలుగా పప్పులో వేసుకుని తింటున్నారు. ఈ పూట ప్రసంగం తొమ్మిదో నంబరు గురించి.

తెలంగాణలో దీన్ని గంగవాయిలి అంటారు. కొన్నిచోట్ల గంగపావిలి, పావిలి కూర. ఆంధ్రప్రాంతంలో చాలా ఊళ్లలో పాయలకూర. హైదరాబాద్ పాతబస్తీలో కుల్ఫా. తమిళులు పరుప్పు కీరై అని, అంటే పప్పుకూర అనే పిలుస్తారు. శాస్త్రీయ నామం పోర్టులాకా ఒలరేసియా. పూలకుండీల్లో రంగురంగులుగా పూసే టేబుల్ రోజ్ దీనికి దగ్గరి చుట్టం. చుట్టరికం తెలియాలంటే రెండు కాడలనూ పక్కపక్కన పెట్టి చూడండి, చాలు.

మొక్క నేలబారున పాకుతుంది. కాడ నున్నగా, నీళ్లు నిండినట్టు ఉండి, ఎండ తగిలినకొద్దీ ఎర్రబారుతుంది. బీట్‌రూట్‌కు రంగునిచ్చే జాతి పదార్థమే ఈ ఎరుపుకీ కారణం. ఆకులు మందం, చిన్నవి, మొదట్లో సన్నగా ఉండి కొసకు వెడల్పవుతాయి. గోటితో నొక్కితే పుటుక్కున విరిగి తడి అంటుతుంది. పసుప్పచ్చని చిన్న పూలు పొద్దున ఎండెక్కాక విచ్చుకుని, కొన్ని గంటల్లో ముడుచుకుపోతాయి. పువ్వు రాలాక కట్టే కాయను దగ్గరగా చూడాలి. కుంకుమ భరిణెకు మూత ఉన్నట్టు దానికీ ఒక టోపీ ఉంటుంది. పండగానే టోపీ ఊడి, లోపలి నల్లని నలుసుల్లాంటి గింజలు నేల రాలుతాయి. బాగా బలిసిన మొక్క ఒక్కటి లక్షకు పైగా గింజలు రాల్చగలదు. అవి మట్టిలో ఏళ్ల తరబడి నిద్రపోయి, ఏ తొలకరికో లేస్తాయి.

రైతుకు కోపం రావడానికి ఇంకో కారణం ఉంది. పీకి గట్టున పడేసినా ఈ మొక్క చావదు. కాడలో దాచుకున్న నీళ్లతో రోజుల తరబడి బతుకుతుంది, ఆ వేళ్లాడే ప్రాణంతోనే కాయలు పండించుకుంటుంది. నాలుగు చినుకులు పడితే పడేసినచోటే వేరు తన్నుతుంది. గుంటుక తోలి ముక్కలు చేస్తే కొన్ని ముక్కలు మళ్లీ మొక్కలవుతాయి. అందుకే పాతకాలపు రైతులు దీన్ని పీకి చేలో వదలరు, బయటికి మోస్తారు.

మోసే పని ఆడవాళ్లది. జొన్న, కంది, మిరప చేలలో కలుపు తీసే ఆడకూలీలు గరికనీ తుంగనీ గట్టుమీదికి విసిరేస్తారు. గంగవాయిలి, చెంచలి, తుమ్మి, పొన్నగంటి కనిపిస్తే మాత్రం లేత కొసలు తుంచి కొంగులో వేసుకుంటారు. సాయంత్రం ఇంటికెళ్లేటప్పటికి కొంగునిండా కూర. విత్తనం కొనలేదు, నీళ్లు పెట్టలేదు, మందు కొట్టలేదు, ధర అడగలేదు. ఏ ఆకు ఏ వానకు మొలుస్తుంది, ఏ దశలో లేత, ఏది ముదిరితే చేదెక్కుతుంది, ఏది పిల్లలకు పడదు అనే చదువు నడుమువంచి కలుపు తీసిన ఆ చేతుల్లోనే ఉంది. కాబట్టి గంగవాయిలి కథను వంటింటి దగ్గర మొదలుపెడితే సగమే తెలుస్తుంది. దాన్ని వంటింటికి తెచ్చిన దారి కలుపు తీసే దారి.

ఇక వంట. ముందు కడగడం. నేలమీద పాకే మొక్క కనుక ఇసుక పట్టుకుని వస్తుంది. వేళ్లు కోసేసి, కూరను వెడల్పాటి గిన్నెలో నీళ్లలో ముంచి, కూరను పైకి తీయాలి. నీళ్లు వంపితే అడుగున దిగిన ఇసుక మళ్లీ కూరమీదికే వస్తుంది. ఇలా మూడు నాలుగుసార్లు. లేత కాడలు పారేయకూడదు, రుచి సగం వాటిలోనే. ముదురు కాడలు మాత్రం పీచు.

కందిపప్పు ఒక గ్లాసుకు కూర రెండు చిన్న కట్టలు సరిపోతుంది. పప్పు సగం ఉడికాక తరిగిన కూర, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, పసుపు వేసి మెత్తగా ఉడకనిచ్చి, చింతపండు పులుసు కొద్దిగా పోసి, ఉప్పు వేసి మెదపడం మామూలు పద్ధతి. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కచ్చాపచ్చాగా దంచిన వెల్లుల్లితో తాలింపు. వేసవిలో చింతపండు బదులు పచ్చి మామిడికాయ ముక్కలు వేస్తారు. తెలంగాణ పల్లెల్లో ఇంకో తీరు ఉంది. నానబెట్టిన పెసరపప్పును కూరతో కలిపి, నీళ్లు పోయకుండా, కూరలో ఊరే తడితోనే పలుకుగా మగ్గిస్తారు. జొన్నరొట్టెలోకి ఇదే బాగుంటుంది. పప్పు మెత్తగా కలిసిపోతే రొట్టెకు అందదు.

ఉడికిన గంగవాయిలిలో కాస్త జిగురు ఉంటుంది. బెండకాయ జిగురంటే ముఖం తిప్పుకునేవాళ్లు దీనిదగ్గరా తిప్పుకుంటారు. పులుపు తగిలితే ఆ జిగురు తెలియదు. పప్పులో చింతపండో మామిడో టమాటానో ఏదో ఒకటి ఎందుకుంటుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. హైదరాబాదీ ముస్లింల ఇళ్లలో కుల్ఫాను మాంసంతో వండుతారు. కుల్ఫా గోష్త్‌లో ఆ జిగురే పులుసును చిక్కపరుస్తుంది. తోటకూర మాంసం, చుక్కకూర మాంసం తిన్నవాళ్లకు ఇది కొత్తేమీ కాదు.

ఈ ఆకుకు సొంత పులుపు కూడా ఉంది. చిత్రమేమిటంటే ఆ పులుపు పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. నీళ్లెద్దడిలో పెరిగిన మొక్క ఆకును తెల్లవారుజామున తుంచి నమిలితే పుల్లగా తగులుతుంది. అదే మొక్క ఆకు సాయంత్రం చప్పబడుతుంది. దీని వెనక పెద్ద సంగతే ఉంది.

మొక్కలు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకోవడానికి ఆకుల్లోని రంధ్రాలు తెరవాలి. తెరిస్తే లోపలి నీళ్లు ఆవిరైపోతాయి. జొన్న, మొక్కజొన్న, చెరకు ఈ చిక్కును ఒక తీరున దాటాయి. ఎండలో తక్కువ నీళ్లతో ఎక్కువ పని చేసే ఏర్పాటు వాటికుంది. నాగజెముడు, కలబంద ఇంకో తీరున దాటాయి. పగలు రంధ్రాలు మూసుకుని, చల్లటి రాత్రిపూట తెరిచి, పీల్చినదాన్ని మాలిక్ ఆమ్లంగా మార్చి దాచుకుంటాయి. యాపిల్ పులుపుకు కారణమైన ఆమ్లమే అది. మామూలుగా ఈ రెండూ ఒకే మొక్కలో ఉండవు. గంగవాయిలి రెండూ పట్టుకుంది. నీళ్లున్నప్పుడు జొన్నలా పెరుగుతుంది. బెట్ట వస్తే నాగజెముడు దారి కూడా తొక్కుతుంది. ఈ రెండు పనులూ వేరువేరు కణాల్లో కాక ఒకే కణాల్లో కలిసి జరుగుతున్నాయని అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2022లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో చూపించారు. కరువును తట్టుకునే పంటలు తయారుచేయాలనుకునేవాళ్లు ఇప్పుడు ఈ కలుపు మొక్కను బల్లమీద పెట్టుకుని చదువుతున్నారు.

వంటకు దీనితో పనేమిటంటే, పొద్దున కోసిన కూరైతే చింతపండు కాస్త తగ్గించవచ్చు. రాత్రంతా దాచుకున్న ఆమ్లాన్ని మొక్క పగలంతా ఖర్చుపెట్టేస్తుంది, సాయంత్రానికి పులుపు మిగలదు.

ఆకును పచ్చిగానూ తినవచ్చు. తెలుగిళ్లలో లేత ఆకులు సన్నగా తరిగి పెరుగులో కలిపి, ఉప్పు, పచ్చిమిర్చి వేసి తాలింపు పెట్టే పెరుగుపచ్చడి కొందరికి అలవాటు. తుర్కియేలో ఇదే పని వెల్లుల్లి నూరిన పెరుగుతో చేసి, పైన ఆలివ్ నూనె పోస్తారు. అక్కడ ఇది వేసవి భోజనంలో నిత్యం ఉండేదే. లెబనాన్‌లో ఫత్తూష్ అనే సలాడ్‌లో పడుతుంది. మెక్సికోలో టొమాటియో అనే పచ్చని కాయల పులుసులో పందిమాంసంతో ఉడుకుతుంది. పోర్చుగల్‌లోని అలెంతేజు ప్రాంతంలో సూపు. అమెరికన్ రచయిత హెన్రీ డేవిడ్ థోరో వాల్డెన్ కొలను ఒడ్డున గుడిసె వేసుకుని ఉన్న రోజుల్లో, తన మొక్కజొన్న చేలో మొలిచిన ఈ ఆకునే ఉప్పేసి ఉడకబెట్టి భోజనం కానిచ్చాడు. పుస్తకంలో ఆ సంగతి రాసుకున్నాడు కూడా. తాలింపు లేకుండా ఎలా దిగిందో ఆయనకే తెలియాలి.

పెరుగు జతకు రుచి ఒక్కటే కారణం కాదు. గంగవాయిలిలో ఆక్సలేట్లు ఎక్కువ, పాలకూరలో లాగే. మూత్రపిండాల్లో రాళ్లు ఏర్పడే రకాల్లో ఎక్కువగా కనిపించేది కాల్షియం ఆక్సలేట్ రాయి. కూరను పెరుగుతో కలిపి తింటే పెరుగులోని కాల్షియం ఆక్సలేట్‌ను కడుపులోనే పట్టేసుకుంటుంది, అప్పుడది రక్తంలోకి చేరకుండా బయటికి పోతుంది. న్యూజిలాండ్‌లోని లింకన్ విశ్వవిద్యాలయంలో గంగవాయిలి ఆకును పెరుగుతో కలిపి కొలిచి చూస్తే, నీళ్లలో కరిగే ఆక్సలేట్ బాగా తగ్గింది. తుర్కియే అవ్వలకూ తెలుగు అవ్వలకూ కాల్షియం పేరు తెలియకపోవచ్చు, కలపడం మాత్రం కుదిరింది. ఇంతమాత్రాన రాళ్లు వచ్చి ఆపరేషన్ అయినవాళ్లు గిన్నెలకు గిన్నెలు లాగించవచ్చని కాదు. వాళ్లు డాక్టరును అడిగాకే తినాలి, తిన్నా ఎప్పుడో ఒకసారి. ఉడకబెట్టి నీళ్లు పారబోసినా కొంత తగ్గుతుంది, కానీ ఆ నీళ్లతో రుచీ పోతుంది.

మందుగా దీని వాడకం ఆహారమంత పాతది. ఆయుర్వేద గ్రంథాల్లో లోణి, లోణికా అనే పేర్లతో కనిపిస్తుంది. 16వ శతాబ్దానికి చెందిన భావప్రకాశ నిఘంటువు శాకవర్గంలో దీన్ని ఉప్పదనం, పులుపు ఉన్న ఆకుగా చెప్పి, అర్శమొలలకూ ఆకలి మందగించినప్పుడూ మంచిదంటుంది. యునానీ హకీములు దీన్ని ఖుర్ఫా అంటారు. వాళ్లకు ఆకుకంటే గింజే ముఖ్యం. తుఖ్మె ఖుర్ఫా పేరుతో గింజలు ఇప్పటికీ మూలికల దుకాణాల్లో దొరుకుతాయి. నీళ్లలో నూరి వడగట్టిన పాలను జ్వరంలో దాహానికీ, మూత్రంలో మంటకూ ఇవ్వడం వాళ్ల పద్ధతి. చైనావాళ్ల అధికారిక ఔషధ గ్రంథంలోనూ ఈ మొక్క ఉంది. అక్కడ ముఖ్యంగా రక్తవిరేచనాలకు వాడతారు. గర్భిణులకు మందుగా ఇవ్వవద్దన్న హెచ్చరిక కూడా ఆ సంప్రదాయంలోదే.

తెలుగు పల్లెల్లో దీనికున్న పేరు ఒక్కటే: చలవ. చెమటకాయలు పేలితే ఆకు నూరి పూయడం, కాలిన చోట పట్టు వేయడం, అరికాళ్లు మండుతుంటే రసం రాయడం, ఎండాకాలంలో మూత్రం మంటగా వస్తే పప్పులో ఎక్కువగా పెట్టడం. వీటిని ఒకే గాటన కట్టి మెచ్చుకోవడమూ తప్పే, తీసిపారేయడమూ తప్పే. ఆకులో తొంభై శాతానికి పైగా నీరే, పైగా జిగురు. నూరి చెమటకాయలమీద పెడితే చల్లగా హాయిగా ఉండటంలో ఆశ్చర్యం లేదు. కాలిన గాయం సంగతి వేరు. మట్టిలో పాకిన ఆకును నూరి, చర్మం ఊడిన చోట పెడితే చీము పట్టే ప్రమాదం ఉంది. కాలినచోట ధారగా చల్లని నీళ్లు, ఆపైన ఆసుపత్రి. ఇందులో బేరం లేదు.

కొన్ని వాడకాలను శాస్త్రవేత్తలు పరీక్షకు పెట్టారు. నోట్లో తెల్లని చారలు, పుండ్లు వేసి మంటపుట్టించే ఓరల్ లైకెన్ ప్లానస్ అనే మొండి జబ్బు ఒకటుంది. మామూలు నోటిపూత వేరు, ఇది వేరు. ఇరాన్ వైద్యులు 37 మంది రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు గంగవాయిలి సారం, ఇంకో జట్టుకు ఉత్తుత్తి మందు ఇచ్చి చూశారు. 2010లో ఫలితం అచ్చయింది. సారం తీసుకున్నవాళ్లలో ఎక్కువమందికి పూర్తిగానో కొంతగానో నయమైంది, రెండో జట్టులో అలా జరిగింది కొద్దిమందికే. 37 మంది అంటే చిన్న లెక్క. దాన్ని పట్టుకుని సర్వరోగ నివారిణి అని వీడియోలు చేసేవాళ్లను నమ్మనక్కర్లేదు.

ఇంకో వింత. 1961లో నేచర్ పత్రికలో ఫెంగ్, హేన్స్, మాగ్నస్ అనే ముగ్గురు ఒక చిన్న వ్యాసం రాశారు. గంగవాయిలి మొక్కలో నారడ్రెనలిన్ పెద్ద మోతాదులో ఉందని దాని సారాంశం. రక్తపోటు పడిపోయిన రోగికి ఐసీయూలో డాక్టర్లు సెలైన్‌తో ఎక్కించే మందు ఇదే. మనిషి శరీరంలో తయారయ్యే ఈ పదార్థం ఒక కలుపు మొక్కకు ఎందుకు? ఆ ప్రశ్న అలా ఉంచితే, పప్పు తిన్నవాళ్లు బీపీ గురించి కంగారుపడాల్సిన పనిలేదు. నోటితో తీసుకున్న నారడ్రెనలిన్‌ను చాలావరకు పేగులూ కాలేయమూ చెడగొట్టేస్తాయి. అందుకే ఆసుపత్రిలో దాన్ని మాత్రగా ఇవ్వరు, నరానికే ఎక్కిస్తారు.

ఈ ఆకుకు ప్రపంచమంతా పేరు రావడానికి అసలు కారణం కొవ్వు. ఆకుకూరలో కొవ్వేమిటని అనుకోవచ్చు. 1986లో నార్మన్ సాలెం, ఆర్తెమిస్ సిమోపౌలోస్ అనే పరిశోధకులు, ఒమేగా-3 కొవ్వులు చేపల్లోనే కాదు, నేలమీద మొలిచే ఈ ఆకులోనూ ఉన్నాయని న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాశారు. 1992లో సిమోపౌలోస్ బృందం లెక్కలు చెప్పింది. 100 గ్రాముల తాజా ఆకులో 300 నుంచి 400 మిల్లీగ్రాముల ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం, 12.2 మిల్లీగ్రాముల విటమిన్ ఇ, 26.6 మిల్లీగ్రాముల విటమిన్ సి. ఆకుకూరల్లో ఇంత విటమిన్ ఇ అరుదు.

సిమోపౌలోస్ గ్రీసులో పుట్టిన డాక్టర్. అక్కడి పల్లెలో వాళ్ల పొలం ఉంది, పేరు అంపెలిస్త్రా. ఆ పొలంలో వదిలేసిన కోళ్లు గడ్డి, పురుగులు, రాలిన అంజూరాలు, గంగవాయిలి ఏరుకుని తినేవి. వాటి గుడ్లను ఆమె పరీక్షించింది. పచ్చసొనలో ఒమేగా-6, ఒమేగా-3 కొవ్వుల పాళ్లు చూస్తే, పొలం కోడి గుడ్డులో 1.3కు 1. అమెరికా అంగడి గుడ్డులో దాదాపు 20కు 1. 1989లో ఈ లెక్క అచ్చయింది. ఈరోజు ఒమేగా-3 గుడ్లని డబ్బాలమీద ముద్రించి అమ్ముతున్న సరుకు వెనక, గంగవాయిలి పొడుచుకు తిన్న గ్రీసు కోళ్లు కూడా ఉన్నాయి.

అయినా కాళ్లు నేలమీద పెట్టే మాట్లాడుకోవాలి. ఆకులోని ఒమేగా-3ను మన శరీరం చేపలో ఉండే రూపంలోకి మార్చుకోగలిగేది కొద్దిగానే. పైగా 100 గ్రాముల ఆకు ఉడికితే గుప్పెడవుతుంది. వారానికి రెండుసార్లు పప్పు వండుకున్నంతమాత్రాన చేపలు తిన్నంత ఫలితం రాదు. కందిపప్పులో మాంసకృత్తులు, ఆకులో విటమిన్లు, తాలింపు నూనె వల్ల వాటిలో కొన్ని ఒంటికి బాగా పట్టడం, ఇవన్నీ కలిసి మంచి భోజనం అవుతుంది. అంతవరకు ధైర్యంగా చెప్పవచ్చు.

మళ్లీ చేలోకి వద్దాం. ఇప్పుడు చాలా ఊళ్లలో కలుపు తీయడం తగ్గింది. కూలి పెరిగింది, అదునుకు మనుషులు దొరకరు, పత్తిలో మొక్కజొన్నలో కలుపుమందు కొడితే ఒక్క పూటలో పని తెమిలిపోతుంది. రైతును తప్పుపట్టలేం. ఎకరానికి పదిమంది ఆడకూలీలను పెట్టుకుని తట్టుకునే ధరలు పంటకు లేవు. కానీ ఆ మందుతో ముందు మాయమయ్యేది కూలి ఇళ్ల కూర. కొనకుండా వచ్చే ఆకుకు బజారు ధర లేదు కాబట్టి దాని నష్టం ఏ లెక్కలోనూ ఎక్కదు. వేసినవారెవరూ లేని పంట పోతే నష్టపరిహారం ఎవరు అడుగుతారు?

ఈ నష్టాన్ని లెక్కలోకి తెచ్చినవాళ్లు సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దగ్గర ఉన్నారు. పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఊరూరా మహిళా సంఘాలు పెట్టింది. వాటిలో ఎక్కువమంది దళిత స్త్రీలు, చిన్నకారు రైతులు. జొన్న, కొర్ర, సామ, కంది, పెసర కలగలిపి ఒకే చెలకలో వేస్తారు. మధ్యలో తమంత తాము మొలిచే కూరలను కలుపు అనరు. గంగవాయిలి, సన్నవాయిలి, చెంచలి, తుమ్మి, పొన్నగంటి, దొగ్గలి, ఇలా పదుల రకాల పేర్లు, వాటి రుచులు, వాటి కాలాలు వాళ్ల నోళ్లలో ఉన్నాయి. విత్తని కూరలను ప్రదర్శనలుగా పెట్టి, వండి వడ్డించి, వచ్చినవాళ్లకు చూపించారు. ఏటా సంక్రాంతి నాడు మొదలయ్యే పాత పంటల జాతరలో ఎడ్లబండ్లకు విత్తనాలు కట్టి ఊళ్లు తిప్పుతారు. 2008 అక్టోబర్ 15న మాచనూరు నుంచి 90.4 మెగాహెర్ట్జ్ మీద సంఘం రేడియో మొదలైంది. నడిపేది ఆ ఆడవాళ్లే. 2019లో ఈ సంఘాల పనికి ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి దక్కింది.

నగరంలో ఈ కూర మరో దారిన వస్తోంది. హైదరాబాద్ రైతుబజార్లలో, బండ్లమీద గంగవాయిలి కట్టలు దొరుకుతాయి. అందులో కొంత మళ్లలో విత్తి పెంచినది. నిటారుగా లేచి, ఆకు పెద్దదిగా ఉంటుంది. చేలో దొరికినదానికంటే పులుపు తక్కువని తిన్నవాళ్లంటారు. నీళ్లకు లోటులేని మొక్కకు రాత్రిపూట ఆమ్లం దాచుకునే అవసరం రాదు కనుక ఆ మాటలో నిజం ఉండవచ్చు.

సొంతంగా ఏరుకునేవాళ్లు రెండు మూడు సంగతులు చూసుకోవాలి. నేలమీద పాకే మొక్కలన్నీ గంగవాయిలి కావు. దీని పక్కనే, దాదాపు ఇలాగే పరుచుకునే పాలమొక్కలు కొన్ని మొలుస్తాయి. కాడ తుంచి చూడాలి. తెల్లని పాలు కారితే వదిలేయాలి, అది నోరూ కడుపూ మండించే జాతి. గంగవాయిలి కాడ తుంచితే వచ్చేది నీళ్లే. పసుపు పూలకు బదులు తెల్లవో లేత గులాబీవో ఉంటే అది గలిజేరు జాతి కావచ్చు, గంగవాయిలి మాత్రం కాదు. మురుగుకాలువల పక్కన, కార్ఖానాల గోడల కింద, కలుపుమందు కొట్టిన చేలలో కోయకూడదు. ఉప్పునేలల్లోనూ బతికే ఈ మొక్క మట్టిలోని కాడ్మియం లాంటి లోహాలనూ లాగి దాచుకుంటుంది. కలుషితమైన నేలను శుభ్రం చేయడానికి దీన్ని వాడవచ్చా అని పరిశోధనలు జరుగుతున్నది అందుకే. ఆ పనికి వాడిన మొక్కను పప్పులో వేసుకోం కదా.

అన్నిటికంటే సులువు కుండీ. బజారులో కొన్న కట్టలోంచి నాలుగు లావుపాటి కాడలు పక్కన పెట్టి, కింది ఆకులు గిల్లేసి, ఇసుక కలిపిన మట్టిలో రెండు కణుపులు దిగేలా గుచ్చితే వారం తిరక్కముందే వేరు పోస్తాయి. ఎండ బాగా తగలాలి. రోజూ నీళ్లు పోయనక్కర్లేదు, ఎక్కువ పోస్తేనే కుళ్లుతుంది. జానెడు సాగగానే కొసలు కోసుకుంటే పక్కలనుంచి మళ్లీ చిగురిస్తుంది. పూత మొదలయ్యేలోపు కోస్తే ఆకు లేతగా ఉంటుంది. ఇంకో లాభం, భరిణె మూతలు ఊడి గింజలు రాలవు. ఆ జాగ్రత్త పడకపోతే వచ్చే వానాకాలానికి పక్క కుండీలో గులాబీ చుట్టూ, ఎదురింటివాళ్ల తులసికోట మొదట్లో, మెట్ల పగుళ్లలో ఇదే మొలుస్తుంది. ఎదురింటివాళ్లకు ముందే ఓ గిన్నెడు పప్పు పంపి ఉంటే గొడవ ఉండదు.